బాబాయికి భవానీపురం నచ్చిందా?

మా వెంకటప్పయ్య బాబాయి నోట "బాగాలేదు" అనే మాట నాకు బుద్ధి తెలిశాక వినలేదు. పెళ్ళి భోజనంలో ఉప్పు మరిచిపోయిన సాంబారు పోస్తే "బ్రహ్మాండంగా ఉందండీ" అని రెండోసారి పోయించుకుంటాడు. సిటీ బస్సులో కాలు తొక్కినవాడిని, బాబూ నీ చెప్పులు బాగున్నాయి, ఎక్కడ కొన్నావని అడుగుతాడు. కంటి ఆపరేషనయ్యాక డాక్టరుగారు కట్టు విప్పుతూ "ఎలా ఉందండీ?" అంటే, కన్ను తెరవకముందే "చాలా బాగుందండీ" అన్నాడు. డాక్టరుగారు కూడా నవ్వారు.

తప్పు ఆయనది కాదు, చేసిన ఉద్యోగానిది. పెడనలో మా తాతది మగ్గం. మా నాన్న ఆ మగ్గం దగ్గరే ఉండిపోతే, బాబాయి మాత్రం నేసే ఓపిక లేదని, అమ్మే నోరు ఉందని బెజవాడ వచ్చి గవర్నర్‌పేటలో ఒక చీరల కొట్లో చేరాడు. నా చిన్నప్పటినుంచి నా పిల్లలు కాలేజీకి వచ్చేదాకా అదే కొట్టు, అదే తెల్లపరుపు. ఎవరొచ్చినా కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, చీర మీద చీర విప్పేవాడు. వచ్చినవాళ్ళు ఏమన్నా ఔననడమే తప్ప కాదనడం ఎరగడు. ఆ అలవాటు కొట్టు మానేసినా వదల్లేదు.

నేనలా కాదు. నచ్చకపోతే మొహం మీదే చెప్పేస్తాను. మావారు రాంబాబుకి ఆటోనగర్‌లో బేరింగుల కొట్టుంది, కౌంటర్లో కూర్చునేది నేను. మా వ్యాపారంలో మర్మాలేం ఉండవు. బేరింగు పట్టిందా, పట్టిందంటాం. పట్టలేదా, తిరిగి తీసుకుంటాం. అక్కడ కూర్చుని కూర్చుని నాకూ ఎవరేమన్నా ఉన్నదున్నట్టు నమ్మేయడం అలవాటైపోయింది.

పిన్ని పోయాక బాబాయిని మా ఇంటికి తెచ్చుకున్నాం. వాళ్ళకి పిల్లల్లేరు, నేనే కూతుర్ని. మూడేళ్ళున్నాడు. మూడేళ్ళలో ఒక్కనాడు కూడా ఇది బాగాలేదు, అది కావాలి అనలేదు. పెట్టింది తిన్నాడు, చూపించిన చోట పడుకున్నాడు. చుట్టాలు ఎవరు ఫోన్ చేసినా నేను చెప్పుకునే మొదటి సంగతి ఇదే. "మా బాబాయి మా ఇంట్లో ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు తెలుసా" అని గొప్పగా చెప్పేదాన్ని.

కిందటి వానాకాలంలో బాత్రూంలో కాలుజారి పడ్డాడు. మేం కొట్టునుంచి వచ్చేసరికి గోడకి ఆనుకుని కూర్చుని, "గచ్చు చల్లగా హాయిగా ఉందమ్మా" అన్నాడు. తుంటి వాచిపోయింది. తర్వాత ఇంకోసారి పడ్డాడు. ఇంట్లో పగలంతా మనిషి లేకుండా ఈయన్ని ఉంచకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉన్నారు. చూసుకోవడానికి పెట్టుకున్న మనిషి ఒకరోజు వస్తే రెండురోజులు రాదు. చివరికి భవానీపురంలో పెద్దవాళ్ళ హోమ్ ఒకటి ఉందని, బాగా చూస్తారని తెలిసి వెళ్ళి మాట్లాడి వచ్చాం.

ఆ సంగతి బాబాయికి చెప్పడానికి నేను వారంరోజులు నీళ్ళు నమిలాను. చెప్పేసరికి ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"బ్రహ్మాండమమ్మా. భవానీపురం మంచి గాలొచ్చే చోటు" అన్నాడు.

"నీకు నిజంగా ఇష్టమేనా బాబాయ్?"

"ఎందుకుండదే అమ్మాయ్. చాలా బాగుంటది."

రాంబాబు గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, "బాగుంటుందన్నారుగా, ఇంకేంటి" అన్నాడు. నాకు మాత్రం ఉప్పులేని సాంబారు గుర్తొచ్చింది.

హోమ్ చూసుకునే జీవరత్నంగారు ఆసుపత్రిలో హెడ్‌ నర్సుగా చేసి రిటైరైన మనిషి. మాట మెత్తన, చూపు చురుకు. "నెలరోజులు ఉండి చూడనివ్వండి మేడమ్. నచ్చితే ఈ మంచం తాతగారిదే. నచ్చకపోతే సంతోషంగా తీసుకెళ్ళండి. కాకపోతే నెలాఖరుకి ఏదో ఒకటి తేల్చి చెప్పాలండి, చాలామంది అడుగుతున్నారు" అంది.

నేను ఆ రోజే మనసులో తేల్చుకున్నాను. ఆయనకి అక్కడ ఏమాత్రం కష్టంగా ఉందని తెలిసినా మరుక్షణం ఇంటికి తెచ్చేస్తాను. కౌంటర్లో రాంబాబు ఇంకొకర్ని పెట్టుకుంటాడు, నేను కొట్టు మానేసి బాబాయిని చూసుకుంటాను. ఆ మాట రాంబాబుతోనూ అన్నాను. అతను తల గోక్కున్నాడు కానీ కాదనలేదు. ఇక తెలియాల్సింది ఒక్కటే, బాబాయికి అక్కడ నచ్చిందా లేదా అని. ఆ ఒక్కటీ చెప్పాల్సింది ఎవరో కాదు, మా బాబాయే. నా కర్మ.

తీసుకెళ్ళిన రోజు ఆయన సామాను ఒక సంచి, నేను సర్దిన సామాను నాలుగు సంచులు. జంతికలు, కందిపొడి, చెవులకి చుట్టుకునే మఫ్లరు, రెండు రకాల టార్చిలైట్లు. బాబాయి మాత్రం గంజి పెట్టిన తెల్లపంచె కట్టి, పెళ్ళివారింటికి బయల్దేరినట్టు ముందు సీట్లో కూర్చున్నాడు. దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కగానే "ఎంత బాగా కట్టారో" అన్నాడు. దిగగానే "దిగడం కూడా బాగుంది" అన్నాడు.

గదిలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నేను పోలీసు తనిఖీ మొదలుపెట్టాను. కుళాయి తిప్పి చూశాను. బాత్రూంలో పట్టుకునే కడ్డీని రెండు చేతులతో లాగి చూశాను. రాంబాబుని మంచం కిందికి దూర్చి నట్లు బిగించి ఉన్నాయో లేదో చూడమన్నాను. అతను జేబులో స్పానర్ లేకుండా బయటికి రాడు కాబట్టి ఒకటి బిగించాడు కూడా. జీవరత్నంగారు గుమ్మంలో నిలబడి ఓపిగ్గా చూస్తూ ఉంది.

"ఫ్యాను చప్పుడు చేస్తోందండీ" అన్నాను.

"చప్పుడుంటేనే గాలొస్తోందని తెలుస్తదమ్మా" అన్నాడు బాబాయి. "ఇదిగో, కిటికీలోంచి కృష్ణ కూడా కనబడతంది. బ్రహ్మాండం."

వెళ్ళి చూశాను. రెండు అపార్టుమెంట్ల మధ్య అరచెయ్యంత నీళ్ళు కనిపించాయి.

పక్క మంచం పూర్ణచంద్రరావుగారిది. లెక్కల లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. పొద్దున్నే పేపరు పైకి చదవడం ఆయనకి అలవాటట, మొదటి పేజీలో మొదలుపెడితే టెండరు ప్రకటనలు కూడా వదలరట. మేమున్నప్పుడే ఒక పేజీ చదివి వినిపించారు. "మీ గొంతు చాలా బాగుందండీ, రేడియోలో వార్తలు విన్నట్టుంది" అన్నాడు బాబాయి. ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండో పేజీ మొదలుపెట్టారు.

మేం బయల్దేరుతుంటే బాబాయి గేటు దాకా వచ్చాడు. రెండు చేతులూ జోడించి, "మంచిదమ్మా, మళ్ళీ రండి" అన్నాడు. కొట్లో కొన్నవాళ్ళనీ కొననివాళ్ళనీ ఒకేలా సాగనంపే మాట అది. నన్నూ అలాగే సాగనంపాడు. కారులో కూర్చుని ఫ్లైఓవర్ దాటేదాకా ఏడ్చాను. రాంబాబు కనకదుర్గమ్మకి దణ్ణం పెట్టుకుంటున్నట్టు నటిస్తూ బండి నడిపాడు.

తర్వాత వీలైనప్పుడల్లా వెళ్తూనే ఉన్నాను. ఎప్పుడు వెళ్ళినా ఒకటే పాట. భోజనం ఎలా ఉంది బాబాయ్? అమృతం. నిద్ర పడుతోందా? పసిపిల్లాడిలా పడుకుంటన్నా. పక్కాయన ఎలాంటివాడు? దేవుడు. ఒకరోజు కావాలనే మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్ళి ఆయన కంచంలో సాంబారు రుచి చూశాను. వేడినీళ్ళలో ముల్లంగి వేసి బతిమాలినట్టుంది.

"ఇదా అమృతం?" అన్నాను.

"వేడివేడిగా ఉందిగా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మీద. ఏం చేసినా నోరు విప్పని మనిషిని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాను. ఇక్కడ ఆయనకి గుండెల్లో ఎంత గుబులుగా ఉన్నా చెప్పడు, నవ్వుతూ నవ్వుతూ చిక్కిపోతాడు. నెలాఖరు దగ్గరపడుతోంది. కౌంటర్లో కూర్చుని బిల్లు మీద బేరింగు నంబరు బదులు బాబాయి గది నంబరు రాశాను. రాంబాబు అది చింపేసి కొత్తది రాసుకున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున జీవరత్నంగారి ఫోన్ వచ్చింది.

"మేడమ్, వీలుచూసుకుని ఒకసారి వస్తారా? మీ బాబాయిగారి గురించి మాట్లాడాలి."

"ఏమైందండీ? పడ్డాడా?"

"అయ్యో, అదేం లేదండీ. మనిషి శుభ్రంగా ఉన్నారు. రెండ్రోజుల్నించీ కంప్లైంట్లు మొదలెట్టారు, అంతే. సాంబారు పల్చగా ఉందంటన్నారు. దిండు గలీబులు గరుగ్గా ఉన్నాయంట. కర్టెను తిరగేసి కట్టారంట, అది విప్పి మళ్ళీ కట్టిందాకా ఊరుకోలేదు. నిన్న వంటాయన్ని పిలిపించి చింతపండు గురించి అరగంట మాట్లాడారు. ఆయన అలిగి కూర్చున్నాడు. మీరొచ్చి..."

మిగతాది నేను వినలేదు. బాబాయి నోరు విప్పాడు! ఎంత కష్టపడితే ఆ నోరు విప్పి ఉంటాడు! నేను లేచిన తీరు చూసి రాంబాబు షట్టర్ సగం దించేసి బండి తీశాడు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే సిగ్నల్‌ని తిట్టాను. ఆటోవాడు అడ్డమొస్తే ఆటోవాణ్ణి తిట్టాను. ఎవరూ అడ్డం రానప్పుడు రాంబాబుని తిట్టాను.

"బాగుంటుందన్నారుగా, ఇంకేంటి అన్నావుగా నువ్వు. చూడు ఇప్పుడు."

"సరే, తెచ్చేద్దాంలే" అన్నాడు పాపం. ఆ మాటకి ఇంకా కోపమొచ్చింది.

గదిలోకి వెళ్ళేసరికి బాబాయి మంచం మీద కాళ్ళు మడుచుకు కూర్చుని పూర్ణచంద్రరావుగారితో వాదిస్తున్నాడు.

"పేపరంతా చదువుతారు, పోయినవాళ్ళ ఫొటోలు మాత్రం మింగేస్తారేంటండీ? నాకు తెలిసినవాళ్ళు పోతే నాకెట్టా తెలుస్తది?"

"పొద్దున్నే అవెందుకండీ అని."

"అయితే సాయంత్రం చదవండి."

నేను ఎవరినీ పలకరించలేదు. బీరువా తెరిచి ఆయన పంచెలు తీసి సంచిలో కుక్కడం మొదలుపెట్టాను. వెనకే వచ్చిన జీవరత్నంగారి మీద విరుచుకుపడ్డాను. "జన్మలో ఒక మాట అనని మనిషండీ మా బాబాయి. ఆయన చేతే అనిపించారంటే మీరెలా చూసుకుంటున్నారో తెలుస్తూనే ఉంది. మీ మంచం మీరే ఉంచుకోండి" అన్నాను. ఆవిడ ఏదో చెప్పబోయి, నా మొహం చూసి, వంటాయన్ని బుజ్జగించాలంటూ కిందికి వెళ్ళిపోయింది. పూర్ణచంద్రరావుగారు కూడా పేపరు మడిచి ఆవిడ వెనకే జారుకున్నారు.

బాబాయి నన్ను వింతగా చూస్తున్నాడు.

"ఎక్కడికే ఆ సంచి?"

"ఇంటికి. పద."

"ఎందుకు?"

"నీకిక్కడ బాగాలేదుగా. సాంబారు బాగాలేదు, దిండు బాగాలేదు, కర్టెను బాగాలేదు. నాకంతా చెప్పారు. నువ్వింకేం దాచక్కర్లేదు."

బాబాయి భుజాలు కదిలేలా నవ్వాడు. మూడేళ్ళు మా ఇంట్లో ఉన్నా అలా నవ్వడం నేను చూడలేదు.

"పిచ్చిదానా, ఆ పంచెలు తీసి మళ్ళీ లోపల పెట్టు. మడత నలిగిపోతంది. ఇంత వయసొచ్చింది, చీరలు కొనుక్కోవడానికి ఎన్ని కొట్లకి పోయుంటావు, ఆ మాత్రం తెలీదా? మా పరుపు మీద కూర్చుని, ఏ చీర విప్పినా 'చాలా బాగుందండీ, చాలా బాగుందండీ' అనే మనిషి ఏంచేస్తదో తెలుసా? మంచినీళ్ళు తాగి, మళ్ళీ వస్తామండీ అని లేచెళ్ళిపోద్ది. ఆవిడ కొనదు. కొనే మనిషి వేరు. అంచు సన్నగా ఉందంటది. రంగు దిగుద్దేమో అంటది. కొంగు వెలుతురులో పెట్టి చూసి మొహం ముడుస్తది. అట్టా వంక పెట్టిందా, ఇహ ఆ చీర మడత పెట్టనిచ్చేవాణ్ణి కాదు నేను. ఆవిడ మనసులో అది కట్టేసుకుంది. ఎవరైనా తనది అనుకుంటేనేగా వంక పెట్టేది!"

"అంటే..."

"అంటే నేనిక్కడ ఉంటానే. కర్టెను సరిగ్గా కట్టుకున్నా, సాంబారు కూడా దార్లో పెడతా. ఆ వంటాయన మంచోడే, చింతపండు దగ్గరే చెయ్యి బిగపడతాడు."

రాంబాబు గట్టిగా నవ్వేశాడు. నేనూ నవ్వాను. నెలరోజులుగా గుండెల మీద మోస్తున్న బండ దొర్లిపోయినంత తేలిగ్గా నవ్వాను. పంచెలు సంచిలోంచి తీసి బీరువాలో పెడుతూ కూడా నవ్వుతూనే ఉన్నాను. రెండో పంచె పెడుతుండగా నా చెయ్యి ఆగిపోయింది.

"మరి మా ఇంట్లో?" అన్నాను.

"మీ ఇంట్లో ఏంటి?"

"మూడేళ్ళలో ఒక్క వంక కూడా పెట్టలేదు నువ్వు."

"మీ ఇంటికేవమ్మా," అన్నాడు వెంటనే, "చాలా బాగుండేది."

అనేశాక ఆయనకే తెలిసింది. పంచె అంచు చూసుకున్నాడు. రాంబాబు నవ్వు ఆపేశాడు. నేను పూర్ణచంద్రరావుగారి మంచం మీద కూలబడ్డాను. చుట్టాలందరికీ ఫోన్లో చెప్పుకుని మురిసిపోయిన మాట అది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. రెండూ దాచుకోవడం నాకు చేతకాదు కాబట్టి అక్కడే ఏడ్చాను.

బాబాయి కంగారుపడి లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు.

"నీ తప్పేం లేదే అమ్మాయ్. కన్నకూతురు కూడా అంత బాగా చూడదు. కానీ అది మీ ఇల్లు. నేను వచ్చి ఉన్నవాణ్ణి. పెట్టిందానికి వంక పెడితే ఏం మర్యాద? మంచినీళ్ళు తాగి గ్లాసు పెట్టేటప్పుడు కూడా చప్పుడవకుండా పెట్టేవాణ్ణి. ఇక్కడ ఠంగున పెడతన్నా."

"అయితే ఇప్పుడు పెట్టు" అన్నాను కళ్ళు తుడుచుకుని.

"ఏంటి, గ్లాసా?"

"వంక. మా ఇంటికి వంక పెట్టు. పెట్టిందాకా నేనిక్కణ్ణించి కదల్ను."

"ఊరుకోవే, ఇప్పుడెందుకవన్నీ."

"పెట్టు బాబాయ్."

నా గొంతు విని ఇది వదిలే రకం కాదనుకున్నాడు. రాంబాబు వంక చూశాడు, కిటికీ వంక చూశాడు. నెమ్మదిగా, "పప్పు" అన్నాడు.

"పప్పేంటి?"

"నీకు పప్పు ఉడకెయ్యడం రాదు."

రాంబాబు గొంతులో ఏదో అడ్డంపడినట్టు దగ్గాడు. నేను ఒక్క చూపు చూస్తే గోడవైపు తిరిగాడు.

"కుక్కరు ఇట్టా కూసిందో లేదో అట్టా కట్టేస్తావు," బాబాయి గొంతు కాస్త పెరిగింది, "కొట్టుకి టైమైపోతందని. గింజ గింజకీ పొత్తుండదు. మూడేళ్ళు కందిబద్దలు నమిలాను. పళ్ళున్నాయా నాకు? ఆ బాత్రూం లైటు స్విచ్చి బయట పెట్టించారు, ఏం తెలివో! నేను లోపలుండగానే మీ ఆయన కరెంటు దండగని కట్టేసి పోతాడు. చీకట్లో పడక ఏంచేస్తా? ఆదివారం మధ్యాహ్నం కాసేపు కన్ను మూద్దామంటే నువ్వు మీ ఆడబిడ్డతో ఫోను. ఆవిడ ఉండేది గుడివాడలో, నీ అరుపుకి ఫోనే అక్కర్లేదు."

"మూడు కూతలొచ్చిందాకా ఉంచుతాను నేను!"

"ఎక్కడే? రెండే. నేను లెక్కపెట్టేవాణ్ణి."

"లెక్కపెట్టి నోరు మూసుకుని తిన్నావా? అడిగితే ఇంకో రెండు కూతలు ఉంచనా? నీకు నోరు లేదా?"

"నువ్వు అరవకు. నేనే అరుస్తంటే మధ్యలో నీ అరుపేంటి?"

ఇద్దరి గొంతులూ మెట్ల దాకా వినబడ్డట్టున్నాయి. జీవరత్నంగారు పరుగున వచ్చింది. "ఏంటండీ ఇది? పెద్దాయనతో గొడవ పడుతున్నారా?"

"అవునండీ" అన్నాను. ముక్కు చీదుకుంటూ అన్నానే గానీ, అంత సంతోషంగా నేను ఏ గొడవా పడలేదు. "ఇందాక అన్న మాటలకి ఏమీ అనుకోకండి. ఆ మంచం మా బాబాయిదే, ఉంచెయ్యండి."

ఆవిడ ఒకసారి నన్నూ ఒకసారి ఆయన్నీ చూసి, ఏమీ అర్థం కాకపోయినా తల ఊపింది. బాబాయి మాత్రం ఇంకా తగ్గలేదు. నా చేతిలో మిగిలిన పంచె లాక్కుని, తనే మడత సరిచేసి బీరువాలో పెట్టుకున్నాడు.

"ఆదివారం పొద్దున్నే వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళు," అన్నాడు. "వంటింట్లో నాకో కుర్చీ వెయ్యి. నేను చెప్పిందాకా ఆ కుక్కరు ముట్టుకోకు."